ముందు చక్రాలు గాల్లో

ఒక మాట ముందే ఒప్పేసుకుంటా.

లాక్కెళ్తున్న కారు లోపలికి నేనెప్పుడూ తొంగి చూడలేదు. మీరూ చూసుండరు. ఒక రికవరీ వ్యాన్ వెనకాల, ముందు చక్రాలు గాల్లో పెట్టుకుని దిగాలుగా వెళ్లే కారు కనిపిస్తే మనకేమనిపిస్తుంది? పాపం, ఎవరి బండో ఆగిపోయింది. అంతే! పోలీసులు ఆపరు. టోల్ గేట్ వాళ్లు లోపలికి టార్చి కొట్టరు.

మనిషిని ఎత్తుకుపోవడానికి అంతకన్నా మంచి వాహనం లేదు.

మహిమకి ఆ సంగతి ఇప్పుడే అర్థమవుతోంది...

ఎనభై స్పీడులో!

చాగలమర్రి దాటింది. కడప రోడ్డు. చీకటి పడి కాసేపే అయింది. రోడ్డు పక్క దాబాల్లో ఇంకా ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి.

ముందు ఒక తెల్ల ఎస్‌యూవీ. మూతి గాల్లో. వెనక చక్రాలు రోడ్డు మీద.

దాన్ని లాగుతున్నది ఒక వీల్ లిఫ్ట్ బండి. దాని తలుపు మీద పసుపు అక్షరాలు. "మహిమ–శామ్ రికవరీ."

అది శామ్ బండి. శామ్ ఆమె తమ్ముడు.

ఎస్‌యూవీ మాత్రం శామ్‌ది కాదు. రంగస్వామిది. బండల గనుల రంగస్వామి. నంబరు చూడక్కర్లేదు. ఆ బండి వస్తోందంటే ఊళ్లో ఆటోలు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

మహిమ హైబీమ్ వేసింది.

ఎస్‌యూవీ వెనక అద్దం తెల్లగా మెరిసింది.

లోపల... ఒక కాలు!

చెప్పు లేని కాలు. తాడుతో కట్టేసిన కాలు. అద్దాన్ని తంతోంది. ఒకసారి... మళ్లీ...

"శామూ!"

ఆమె అరుపు ఆమె క్యాబిన్‌లోనే ఉండిపోయింది.

శామ్ చేసిన నేరం ఒక్కటే. నిజం చెప్తానన్నాడు.

పోయినేడు రంగస్వామి గని గుంతలో ఒక కారు పడింది. లోపల సర్వేయర్ శిల్ప. గని హద్దులు కొలవడానికి వెళ్లిన పిల్ల. శవం దొరికింది. అందరూ యాక్సిడెంట్ అన్నారు. కారును పైకి లాగింది శామ్. వాడొక్కడే కాదన్నాడు.

"స్టీరింగ్ లాక్ పడి ఉండాది సార్. తాళంచెవి తీస్తేనే గదా లాక్ పడేది? నడిపే బండికి ఎట్ల పడతాది? ఎవురో తోసినారు."

రేపు కోర్టులో ఆ మాటే చెప్పాలి.

ఈ మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేశారు. బండి ఆగిపోయింది, రమ్మని. శామ్ వెళ్లాడు. ఫోన్ ఆగిపోయింది. బండికి మహిమ పెట్టిన ట్రాకర్ మాత్రం ఆగలేదు. కర్నూల్లో బీటెక్ చదివి ఆమె సాధించింది ఆ ట్రాకరే. బంధువుల లెక్కలో అదీ సాధించినట్టు కాదు. మ్యాప్ మీద చుక్క చాలాసేపు కదల్లేదు. తర్వాత కడప వైపు కదిలింది.

స్టేషన్‌కి ఫోన్ చేసింది.

"పొద్దున రాండి, చూద్దాం" అన్నారు.

పొద్దునకి చూడ్డానికి ఏం మిగులుతుంది?

అందుకే తన ఫ్లాట్ బెడ్ తీసింది. నెత్తి మీద తిరిగే పసుపు బీకన్ లైట్ ఆర్పేసింది. హారన్ కొట్టలేదు. దొంగని పట్టాలంటే దొంగలాగే వెళ్లాలి కదా!

బండి ఆగిపోయిన జనానికి అన్నీ క్రేన్లే. "క్రేన్ పంపండి మేడమ్" అంటారు. ఏ క్రేన్ అని అడిగితే కోపం. కానీ రకాలున్నాయి. ఈ పనిలో వాళ్లకి పెద్దదిక్కైన కంబన్నది పాత లారీకి ఇనప దూలం పెట్టిన బండి. కొక్కెం, గొలుసు. కాలవలో పడిన లారీనైనా ఈడ్చుకొస్తుంది. కొత్త కారుకి తగిలిస్తే బంపర్ చేతికొస్తుంది. శామ్‌ది వీల్ లిఫ్ట్. వెనకాల రెండు ఇనప చేతులు చాపి, కారు రెండు చక్రాల కింద దూర్చి, అంతవరకే ఎత్తుతుంది. ఇరుకు సందుల్లో దానికి ఎదురు లేదు. మహిమది ఫ్లాట్ బెడ్. వీపు వంచి, వైర్ రోప్‌తో కారు మొత్తాన్ని మీదకి ఎక్కించుకుంటుంది.

మలుపు వచ్చింది. ముందు బండి పక్కనుంచి కనిపించింది.

మహిమ కళ్లు చిట్లించింది.

ఏదో తేడా...

ఆ ఎస్‌యూవీ ఆటోమేటిక్. ఇంజను తిప్పేది వెనక చక్రాల్ని. అలాంటి బండిని వెనకనుంచి ఎత్తాలి. మూతి ఎత్తి వెనక చక్రాల్ని రోడ్డు మీద దొర్లిస్తే గేర్‌బాక్స్ మాడిపోతుంది.

మాడుతోంది! కింద పొగ. కాలిన నూనె వాసన ఆమె క్యాబిన్ దాకా వస్తోంది.

ఇంకా ఉంది. ఎడమ చక్రానికి బెల్టు కట్టారు. కుడి చక్రానికి లేదు! అది ఊరికే ఇనప చేతి మీద కూర్చుంది. అడ్డంగా బిగించాల్సిన గొలుసు రోడ్డు మీద ఈడ్చుకుపోతూ నిప్పులు చిమ్ముతోంది.

శామ్ ఇలా కట్టడు. నిద్రలో కట్టమన్నా కట్టడు. కస్టమర్ తిట్టినా, వాన పడినా, రెండు బెల్టులూ బిగించి, చేత్తో లాగి చూసి, అప్పుడు ఎక్కుతాడు బండి.

అంటే... నడుపుతున్నది శామ్ కాదు.

కారులో కట్టేసి ఉన్నది శామ్!

ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"కంబన్నా! యాడుండావ్?"

"దువ్వూరు కాడ. బాయిలో ట్రాక్టర్ పడింటే లాగుతాండా. ఏం పాపా, గొంతు అట్లుండాదేమి?"

"శామ్‌ని ఎత్తకపోతాండారు కంబన్నా. మన బండ్లోనే!"

అటునుంచి ఇంజను ఆగిన చప్పుడు.

"ఎవురు?"

"రంగస్వామి."

"ట్రాక్టర్ యాడికీ పోదులే. బాయిలోనే ఉంటాది. దావ చెప్పు నాకు."

"దువ్వూరు పక్కకే వస్తాండారు. నేను వెనకాలుండా."

"గుద్దొద్దు పాపా! నువ్వు గుద్దితే మొదట నలిగేది పిల్లోడే."

తెలుసు! అదే కదా బాధ. ముందు శామ్ బండి. వెనక తను. మధ్యలో తమ్ముడు.

ఫోన్ మళ్లీ మోగింది. కంబన్న కాదు. అమ్మ!

ఎత్తకపోతే జీవమ్మ వరసగా చేస్తూనే ఉంటుంది. ఎత్తింది.

"యాడుండావ్ పాపా? ప్రార్థనకి అందరూ వచ్చేసినారు. శామూ ఫోన్ ఎత్తడం ల్యా."

"బండి మీద ఉండాడుమా."

"నువ్వు?"

"వాని వెనకాల్నే."

"ఏందా సప్పుడు? మెల్లగా పోండి! ఇద్దరూ వచ్చి తినండి, చిత్రాన్నం చేసిండా."

"సరేమా."

పెట్టేసింది. యాక్సిలరేటర్ నేలకి తొక్కింది.

వెనకనుంచి కుదరదు. పక్కనుంచి వెళ్లాలి. క్యాబిన్‌కి క్యాబిన్ ఆనించి నెట్టాలి. రోడ్డు దింపాలి.

కుడివైపు తీసింది. తొంభై... స్టీరింగ్ వణుకుతోంది. ఎస్‌యూవీ పక్కకి వచ్చింది. లోపలి కాలు కనపడలేదు. తన్నడం ఆగింది.

'చచ్చిపోయాడా?'

ఆ మాట మెదడులోంచి బయటికి తోసేసింది. ముందుకి... ఇంకొంచెం ముందుకి...

డ్రైవర్ కనిపించాడు!

మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. కళ్లు మాత్రమే బయట. స్టీరింగ్ మీదకి వంగిపోయి, ఒంటిచేత్తో తోలుతున్నాడు.

ఒంటిచేత్తో! ఎంత పొగరు!

"ఆపరా నాకొడకా!"

వాడు ఇటు చూశాడు. ఒక్క క్షణం.

బండిని ఆమె మీదకి తిప్పాడు!

ధన్!

ఇనుము ఇనుముని గీరింది. ఎడమ పక్క అద్దం ఎగిరిపోయింది. ఆ పక్క కిటికీ పగిలి ముక్కలు ఒళ్లో పడ్డాయి. చెంప మీద వెచ్చగా ఏదో కారుతోంది. చక్రాలు డివైడర్ రాయిని రాసుకున్నాయి. బండి ఒక వైపు లేచింది...

పడింది. నాలుగు చక్రాల మీదే పడింది.

యేసయ్యా!

మహిమ పళ్లు బిగించింది. స్టీరింగ్ ఎడమకి కోసింది.

ధన్! ఈసారి దెబ్బ ఆమెది. వాడి తలుపు లోపలికి సొట్టపోయింది. "మహిమ–శామ్" లో మహిమ చెరిగిపోయింది.

వాడు కేకవేశాడు. ఏదో మాట. గాలికి వినపడలేదు.

ముందు లారీ బ్రేక్ లైట్లు! రోడ్డంతా ఎర్రగా!

మహిమ బ్రేక్ తొక్కింది. వాడు తొక్కలేదు. లారీని ఆనుకుని ఎడమకి కోశాడు. హైవే దిగాడు. మట్టి లేచింది.

కేసీ కాలవ గట్టు రోడ్డు!

మహిమ కూడా స్టీరింగ్ కోసి వెంట దిగింది.

గట్టు మీద ఏ ఊరూ లేదు. ఏ ఇల్లూ లేదు. కాలవ మాత్రం ఉంది. ఈసారి నిండుగా వదిలారు నీళ్లు. మనిషితో సహా కారుని వదిలేస్తే అంతే... రేపు పేపర్లో ఇంకో యాక్సిడెంట్!

"కంబన్నా! కాలవ గట్టెక్కినాడు! తోసేస్తాడు కంబన్నా!"

"ఎక్కనీ. మూల బ్రిడ్జి కాడ అడ్డం పెడతాండా. ఆ దావన బయటికి పోవాలంటే నన్ను తినేసి పోవాల."

గట్టు రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. ఎడమన నల్లటి నీళ్లు. కుడిపక్క వరి మడులు. మధ్యలో దుమ్ము. ముందున్న బండి దుమ్ములోకి మాయమవుతోంది, బయటికొస్తోంది. కట్టని చక్రం ఇనప చేతి మీద ఎగిరెగిరి పడుతోంది. ఒక్క గుంత చాలు. జారిపోతుంది.

"జారొద్దు... జారొద్దు..." బండితో మాట్లాడుతోంది మహిమ.

మలుపు.

బ్రిడ్జి!

దాని మీద అడ్డంగా కంబన్న పాత లారీ. దూలం ఆకాశంలోకి. కొక్కెం ఊగుతోంది. హెడ్‌లైట్లలో, లుంగీ ఎగ్గట్టి, చేతులు ఊపుతూ కంబన్న.

తువ్వాలు వాడు బ్రేక్ వేశాడు. ఆలస్యమైంది!

ఢభేల్!

శామ్ బండి మూతి క్రేన్ పక్కటెముకల్లోకి దూరింది. వెనక భాగం తిరిగింది. కట్టని చక్రం జారింది! ఎస్‌యూవీ ఒక పక్కకి ఒరిగి, గట్టు అంచు మీద గిర్రున తిరిగి...

కాలవలోకి!

వెనక భాగం నీళ్లలో పడింది. ముందు భాగం గట్టుకి ఆనింది. ఒక్క బెల్టు. ఎడమ చక్రం బెల్టు ఒక్కటే పట్టుకుని ఉంది దాన్ని.

బెల్టు పోగులు పోగులుగా తెగుతోంది.

మహిమ ఆలోచించలేదు. చేతులే ఆలోచించాయి. బ్రిడ్జి దగ్గరి వెడల్పులో ఫ్లాట్ బెడ్‌ని వెనక్కి తిప్పింది. తోక కాలవ వైపు. దూకింది. పక్కనున్న హైడ్రాలిక్ లివర్ లాగింది. బెడ్ వెనక్కి జరిగి, వంగి, అంచు గట్టుకి ఆనింది. వైర్ రోప్ కొక్కెం చేతిలోకి తీసుకుని గట్టు మీదనుంచి జారింది. మోకాళ్లు చీరుకుపోయాయి. కారు ముందు రింగు ఎక్కడ? బంపర్ కింద తడిమింది. వేడి. పొగ. నీళ్లు. ఎక్కడ?

దొరికింది!

కొక్కెం పడింది. మరుక్షణం...

టప్! బెల్టు తెగింది.

రోప్ బిగుసుకుంది. పట్టుకుంది.

పైకి పాకింది. రోప్‌ని డ్రమ్ముకి చుట్టే వించ్ లివర్ నొక్కింది. మోటారు ఏడుస్తూ తిరగడం మొదలెట్టింది. కారు అంగుళం అంగుళంగా పైకొస్తోంది. కిటికీల్లోంచి బురదనీళ్లు కక్కుతోంది.

అవతల, క్రేన్ దగ్గర, కంబన్న చేతిలో జాకీ రాడ్. నలిగిన క్యాబిన్ తలుపు పీకేశాడు. తువ్వాలు వాడిని కాలర్ పట్టి బయటికి ఈడ్చాడు.

"మా పిల్లోన్నే ఎత్తకపోతావా? ఆఁ? మా బండ్లోనే!"

ఫట్!

వాడు మోకాళ్ల మీద పడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టాడు. ఏదో అనబోయాడు.

ఫట్! మోచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు మోటారు రొదలోనూ వినపడింది.

మహిమకి కడుపులో చల్లగా, హాయిగా ఉంది. అబద్ధమెందుకు!

"ఇంకొకటెయ్ కంబన్నా! నా పేరు చెప్పి ఇంకొకటి!"

ఫట్!

కారు బెడ్ మీదకి ఎక్కింది. మోటారు ఆపింది. బెడ్ ఇంకా ఏటవాలుగానే ఉంది. కారు ఎక్కగానే నాలుగు చక్రాలకీ గొలుసు వెయ్యాలి. అప్పటిదాకా మనిషి ఎక్కకూడదు. ఆమె పెట్టిన రూలే. శామ్‌ని దానికోసం ఎన్నిసార్లు తిట్టిందో!

రూల్ గాలికి వదిలేసి ఎక్కింది.

వెనక తలుపు లాగింది. నీళ్లు దబ్బున కాళ్ల మీద పడ్డాయి.

సీటు మీద బోర్లా పడున్నాడు. తలకి గోతం సంచి. కాళ్లకి తాడు. చేతులు వెనక్కి విరిచి కట్టారు.

కదులుతున్నాడు. దగ్గుతున్నాడు.

బతికే ఉన్నాడు!

"అయిపోయింది రా శామూ... అయిపోయింది. నేనొచ్చినా..."

ఏడుస్తూ కత్తి తీసింది. సంచి తర్వాత. ముందు చేతులు. తాడు కోసింది. కాళ్ల తాడు కోసింది. చల్లబడిన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది.

వేలికి ఏదో గుచ్చుకుంది.

ఉంగరం.

పక్క వేలికీ ఉంగరం. దాని పక్క వేలికీ...

శామ్‌కి ఉంగరాల్లేవు!

"పాపా!"

కంబన్న గొంతు. కంబన్న ఎప్పుడూ అలా పిలవలేదు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"పాపా... దేవుడా... వీడు మనోడే! తువ్వాలు తీసినా... మనోడే పాపా! శామూ! నాయనా, కండ్లు తెరువురా!"

మహిమ తల తిప్పింది.

హెడ్‌లైట్ల వెలుగులో శామ్. మొహం ఎక్కడుందో రక్తం ఎక్కడుందో తెలీడంలేదు. ఒక చెయ్యి ఎప్పుడో విరిగి ఉంది, చొక్కా గుడ్డతో మెడకి కట్టుకున్నాడు. ఇంకో చెయ్యి ఇప్పుడే విరిగింది.

"అక్కా..." నోట్లోంచి నురగ. "విప్పొద్దు... వాన్ని విప్పొద్దు..."

ఆమె వెనకాల గోతం సంచి దానంతటదే లేచింది.

నెరిసిన మీసాలు. నుదుట చీలిక. బురద మొహంలో తెల్లటి పళ్లు.

రంగస్వామి!

"విప్పేసినాది లేరా" అన్నాడు. "శానా పుణ్యం కట్టుకున్యావ్ పాపా."

రెండు కాళ్లతో గుండెల మీద తన్నాడు.

మహిమ గాల్లోకి లేచింది. బెడ్ పక్కనుంచి కింద పడింది. ఊపిరి ఆడలేదు. నోట్లో మట్టి.

రంగస్వామి ముందు సీటు వెనక సంచిలో చెయ్యి పెట్టాడు. బయటికి తీశాడు. రివాల్వర్! నీళ్లు విదిలించాడు. ఒక కాలు కారులో, ఒక కాలు బెడ్ మీద. ఒక చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"రేయ్ శామూ. లెయ్."

"నా ఫోన్ పగలగొట్టినాడక్కా" శామ్ నేల మీదనుంచి మాట్లాడుతున్నాడు. ఆమెకి చెప్పాలన్న తొందర. "చెయ్యి ఇరిసినాడు. సచ్చినట్టు పడుకోని, వీల్ స్పానర్‌తో తలకాయ మీద ఒకటిచ్చినా. వాని కారు సీట్లోనే కూలబడితే, పండ్లతో తాడు లాగి కట్టేసినా. ఈడ స్టేషనోళ్లు వాని మనుషులేనంట. అందుకే కడప ఎస్పీ సారు కాడికి తోలకపోతాండా... మూతి పక్కే అందింటే ఎత్తినా. ఒంటిచేత్తో ఎట్ల కట్టేదక్కా రెండు బెల్టులు? కుదర్లా. తువ్వాలు చుట్టినా నెత్తురు కంట్లో కారతాంటే ఎనకాల ఎవురో తెలీలా. వీని మనుషులనుకుంటి..." దగ్గాడు. "బీకన్ ఎందుకు ఆర్పినావ్?"

మహిమ నోట్లో మట్టి ఉమ్మేసింది.

రంగస్వామి నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు.

"అక్కా తమ్ముడూ ఒకర్నొకరు గుద్దుకుంటిరి. మధ్యన నేను సాక్షిని! రేపు కోర్టుకి నేనే పోతా సాక్ష్యం చెప్పేకి." నవ్వు ఆగింది. "కంబా, పక్కకి జరుగు. నీతో నాకు పని ల్యా."

కంబన్న జరగలేదు. జాకీ రాడ్ కింద పడేశాడు. శామ్‌కి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"ఈ పొద్దుకి పిల్లోడు తిన్న దెబ్బలు చాలు సామీ."

"జరగవా?"

"జరగను."

మహిమ పడింది లివర్ల పక్కనే. తల ఎత్తింది. పైన కారు. కారుకి ఒక్క వైర్ రోప్. గొలుసు వెయ్యలేదు. బెడ్ ఏటవాలు. కింద కాలవ.

వించ్ క్లచ్!

అది ఊడదీస్తే డ్రమ్ము ఫ్రీ. రోప్ వదులు.

పట్టుకుని లాగింది. రాలేదు! కారు బరువంతా దాని మీదే ఉంది. ఇలా బరువు మీదున్నప్పుడు ఎవరూ తియ్యరు. తియ్యలేరు.

క్లిక్. రివాల్వర్ హ్యామర్ వెనక్కి వెళ్లింది.

మహిమ వెల్లకిలా తిరిగింది. రెండు కాళ్లూ మడిచింది. బూట్లతో తన్నింది.

కదల్లేదు!

"ఏం పాపా, ఆడ కాళ్లు కొట్టుకుంటాండావ్?" రంగస్వామి ఇటు తిరగలేదు. "కాస్త ఆగు. నీ వంతూ వస్తాది."

మళ్లీ తన్నింది. అరుస్తూ తన్నింది. మడమలో ఏదో విరిగింది.

ఖణేల్!

క్లచ్ ఊడింది!

డ్రమ్ము గిర్రుమంది. వైర్ రోప్ పాములా బుసకొట్టింది. కారు జారింది. రంగస్వామి కాలు కిందనుంచి నేల లాగేసినట్టయింది. తూలాడు. తలుపు ఫ్రేమ్ పట్టుకోబోయాడు. బెడ్ అంచు మీద కారు ఎగిరిపడింది. తలుపు వచ్చి వాడి మీదే మూసుకుంది. మోచేతి మీద. పుర్రె మీద. తడి చెక్క పగిలినట్టు చప్పుడు.

ఢాం!

తలుపు సందులోంచి నిప్పు. ఒక్క మెరుపు.

తర్వాత నీళ్లు. పెద్దగా లేచి, గట్టు మీద వానలా పడ్డాయి. తెల్ల ఎస్‌యూవీ మూతి ఒకసారి పైకి లేచింది. నీళ్లలో హెడ్‌లైట్లు వెలిగాయి, ఎందుకో. ఆరిపోయాయి. రోప్ చివరిదాకా వెళ్లి, డ్రమ్ము నుంచి ఊడి, దాని వెంటే వెళ్లిపోయింది.

బుడగలు.

బుడగలు కూడా లేవు.

"శామూ!"

"అక్కా!" శామ్ గొంతు. వణుకుతూ, నవ్వుతూ. "తగల్లా! నాకు తగల్లా అక్కా!"

మహిమ కూడా నవ్వింది. కుంటుకుంటూ పరిగెత్తింది. తమ్ముణ్ని పట్టుకుంది. వాడికి పట్టుకోవడానికి చెయ్యి లేదు. గడ్డం ఆమె భుజం మీద ఆనించాడు. ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో వాళ్లకే తెలీదు.

"రేపు కోర్టు..." అన్నాడు శామ్.

"మోసకపోతా రా. వీపు మీద ఏసుకోని పోతా."

కంబన్న ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. వాళ్లకి అడ్డంగా. కాలవ వైపు చూస్తూ.

"అయిపాయ కంబన్నా" అంది మహిమ. "ఇంగ పక్కకి రా."

కంబన్న రాలేదు.

మెల్లగా కూర్చున్నాడు. టీ కొట్టు ముందు కూర్చున్నట్టు. లుంగీ సర్దుకున్నాడు. బనియన్ మధ్యలో ఒక చిన్న మచ్చ. అది చిన్నగా లేదు. పెరుగుతోంది!

"కంబన్నా!"

మహిమ రెండు చేతులూ అదిమి పెట్టింది. వేళ్ల సందుల్లోంచి వస్తోంది. ఆగడంలేదు. ఫోన్... ఫోన్ ఎక్కడ? క్యాబిన్‌లో! అరిచింది. గట్టు మీద ఎవరున్నారు వినడానికి?

కంబన్న ఆమెని చూడలేదు. శామ్‌ని చూస్తున్నాడు. ఉబ్బిపోయిన ఆ మొహాన్ని, వేలాడుతున్న ఆ చేతిని.

"గట్టిగా కొడ్తినా నాయనా?"

"లేదు కంబన్నా" అన్నాడు శామ్. పగిలిన పెదాలతో. "అసల్ నొప్పే ల్యా."

"అబద్ధం" అన్నాడు కంబన్న.

నవ్వబోయాడు.

అంతే.

*

మీ బండి ఎప్పుడో ఒకసారి నడిరోడ్డు మీద ఆగిపోయే ఉంటుంది. ఎవరో ఒకడు లుంగీ ఎగ్గట్టి, గొలుసు భుజాన వేసుకుని వచ్చే ఉంటాడు. ఆయన పేరు అడిగారా? అడిగి ఉంటే ఆ కథ నాకు రాయండి. అడగలేదా... అయినా సరే, గుర్తున్నంత రాయండి.